డంపర్ కాళ్లలో నూనె, నైట్రోజన్

డంపర్ సస్పెన్షన్ అంటే చాసీకీ చక్రాలకూ మధ్య నిలబడి బరువు మోస్తూ, దారిలో తగిలే ప్రతి దెబ్బనూ తన ఒంట్లోనే మింగేసే ఏర్పాటు. గనుల్లో, పెద్ద క్వారీల్లో మాత్రమే తిరిగే భారీ హాల్ ట్రక్కును తెలుగు ప్రాంతాల్లో డంపర్ అనే అంటారు. దానికి ఊరి రోడ్డు మీదకు వచ్చే పని లేదు, వచ్చే అనుమతీ లేదు. గనిలో తవ్విన మట్టినీ బొగ్గునూ ఖనిజాన్నీ ఎత్తుకుని, గని లోపలి దారిలోనే రోజంతా తిరుగుతుంది. ఆ దారికి తారు ఉండదు. వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము, ఎప్పుడూ రాళ్లు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి, ఔటర్ రింగ్ రోడ్డు కలిసేచోట ఉన్న పెద్ద అంబర్‌పేట్‌లో ఈ బండి తమ్ముళ్లు రాత్రింబవళ్లు కనిపిస్తాయి. అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోని బండరావిర్యాల, చిన్నరావిర్యాల వైపు రాతి క్వారీలు, క్రషర్లు ఉన్నాయి. అక్కడి కంకర, డస్టు ఎత్తుకుని నగరంలోకి దిగే పది చక్రాల, పన్నెండు చక్రాల టిప్పర్లకు ఈ కూడలి రోజువారీ దారి. టిప్పర్ కమాన్ కట్టల మీద, అంటే వంచిన ఉక్కు పట్టీల స్ప్రింగుల మీద నడుస్తుంది. డంపర్‌కు చాలావరకు కమాన్లు ఉండవు. దాని నాలుగు మూలల్లో మనిషి ఎత్తు ఉక్కు గొట్టాలు నాలుగు ఉంటాయి. వాటిని స్ట్రట్లు అంటారు. వాటిలో ఉండేవి రెండే: నూనె, నైట్రోజన్ వాయువు.

తెలంగాణలో ఈ బండ్ల అసలు లోకం సింగరేణి. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు బయటపడింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. ఎనభై ఏళ్లకు పైగా అది భూగర్భ గనుల కంపెనీయే. 1970ల మధ్యలో గోదావరిఖని ప్రాంతంలో ఓపెన్‌కాస్టు (ఓసీ) తవ్వకం మొదలయ్యాక లెక్క మారింది. ఈనాడు ఆ సంస్థ తీసే బొగ్గులో సింహభాగం ఓసీ గనులదే. ఓసీలో బొగ్గు కనిపించాలంటే ముందు దాని మీది మట్టిని, రాతిని తొలగించాలి. కార్మికులు దాన్ని ఓబీ అంటారు. ఒక టన్ను బొగ్గు కోసం అంతకు ఎన్నో రెట్లు ఓబీ మోయాలి. ఆ మోతకే డంపర్లు కావాలి. 1964లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ బెమెల్ మైసూరు కర్మాగారంలో తయారుచేసే 60 టన్నుల, 100 టన్నుల తరగతి బండ్లు మన గనుల్లో పాత చుట్టాలు.

ఇంత బరువు కింద కమాన్ పట్టీలు ఎందుకు పనికిరాలేదు? మొదట్లో పనికొచ్చాయి. 1930లలో అమెరికాలో యూక్లిడ్ కంపెనీ గనుల కోసమే చేసిన తొలి డంప్ ట్రక్కులు కమాన్ల మీదే నడిచాయి. కానీ కమాన్‌కు ఒక స్వభావం ఉంది. నిండు బరువుకు సరిపోయేంత గట్టిగా కడితే ఖాళీ బండి కింద అది కదలదు, బండి గంతులేస్తుంది. ఖాళీ బండికి మెత్తగా ఉండేలా కడితే నిండు బరువు కింద పడుకుంటుంది. బండి ఎంత పెద్దదైతే ఈ తేడా అంత పెద్దది. 1957లో లెటర్నో వెస్టింగ్‌హౌస్ కంపెనీ తెచ్చిన హాల్‌పాక్ డంపర్‌లో రాల్ఫ్ క్రెస్ అనే ఇంజనీరు కమాన్ల స్థానంలో నూనె, నైట్రోజన్ స్ట్రట్లను పెట్టాడు. ఆ పద్ధతే ఈనాటికీ లోకమంతటా డంపర్లకు ప్రమాణం. హాల్‌పాక్ అనే పేరు భారతీయ గనుల్లో డంపర్‌కే మారుపేరుగా చాలాకాలం చెల్లింది.

ఖాళీ బండికీ నిండు బండికీ మధ్య తేడా ఎంతో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఖాళీగా సుమారు 65 టన్నులు తూగి, 95 టన్నులు మోసే డంపర్‌ను తీసుకుంటే, నిండినప్పుడు మొత్తం 160 టన్నులు. ఖాళీగా ఉన్నప్పుడు ముందూ వెనకా దాదాపు సగం సగం బరువు పడుతుంది. నిండినప్పుడు మూడింట ఒక వంతు ముందుకు, మూడింట రెండు వంతులు వెనక్కు పోయేలా బండిని రూపొందిస్తారు. ముందు రెండు టైర్లు, వెనక నాలుగు. అంటే ఆరు టైర్ల మీదా సమానంగా ఒక్కోదానిపై 26 టన్నులకు పైగా. ఈ సమానత్వమే డంపర్ రూపకల్పనకు ఆయువుపట్టు. అదే సమయంలో వెనక భాగం మోసే బరువు సుమారు 35 టన్నుల నుంచి 107 టన్నులకు ఎగబాకుతుంది. మూడు రెట్లు. నిమిషాల్లో నాలుగైదు బకెట్లతో వచ్చిపడే ఈ మార్పును రోజుకు ఎన్నో ట్రిప్పుల్లో ఓర్చుకోవాల్సింది వెనక ఉన్న రెండు స్ట్రట్లే.

స్ట్రట్టు లోపలి పని విడమరిస్తే కష్టమైనదేమీ కాదు. బయట ఒక గొట్టం, దానిలో పైకీ కిందికీ జారే క్రోమ్ పూత రాడ్డు. లోపల కింది భాగంలో నూనె, పైభాగంలో నైట్రోజన్. ద్రవాన్ని నొక్కినా అది కుంచించుకోదు, వాయువు కుంచించుకుంటుంది. చక్రం గుట్టెక్కితే రాడ్డు లోపలికి పోయి నైట్రోజన్‌ను నొక్కుతుంది. వాయువు నలిగేకొద్దీ మరింత ఎదురుతిరుగుతుంది. అందుకే ఖాళీ బండి కింద మెత్తగానూ, నిండు బండి కింద గట్టిగానూ ఉండటం దానికి స్వతహాగా వస్తుంది. కమాన్‌కు సాధ్యం కానిది ఇదే. నొక్కిన వాయువు మళ్లీ విచ్చుకునేటప్పుడు బండిని బంతిలా ఎగరేయకూడదు కదా. ఆ పగ్గం నూనె చేతిలో ఉంటుంది. రాడ్డు కదిలినప్పుడల్లా నూనె సన్నని రంధ్రాల గుండా దూరాలి. లోపలికి పోయేటప్పుడు చిన్న ఉక్కు గోలీలతో చేసిన వాల్వులు తెరుచుకుని నూనెకు విశాలమైన దారి ఇస్తాయి. బయటికి వచ్చేటప్పుడు అవి మూసుకుంటాయి. అప్పుడు నూనె ఇరుకు రంధ్రంలోంచే రావాలి, రాడ్డు నింపాదిగా తిరిగొస్తుంది. మోటారుసైకిలు షాకబ్జార్బర్ చేసే పనీ ఇదే, కొలతే వేరు.

ముందు స్ట్రట్లకు చాలా బండ్లలో ఇంకో బాధ్యత కూడా ఉంది. వాటి కింది కొసకే చక్రం బిగించి ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే రాడ్డే తిరుగుతుంది. కాబట్టి ముందు స్ట్రట్టు బుష్షులు అరిగితే చక్రం వాలు మారుతుంది, టైరు ఒక అంచునే అరుగుతుంది. డంపర్ టైరు ఒక్కొక్కటి లక్షల్లో ఉంటుంది. టైరు తప్పు అనుకున్నది చాలాసార్లు స్ట్రట్టు తప్పుగా తేలుతుంది.

సస్పెన్షన్ చెడిపోవడం ఒక్కసారిగా జరగదు. సీలు సన్నగా కారుతుంది. నైట్రోజన్ కొద్దికొద్దిగా పోతుంది. బండి ఒక మూల బెత్తెడు దిగుతుంది. నడిపే మనిషి ఆ తేడాకు అలవాటుపడిపోతాడు. ఇక్కడే అసలు నష్టం మొదలవుతుంది. ఒక కోడు పొట్టిదైన మంచాన్ని తలుచుకుంటే సంగతి బోధపడుతుంది. నాలుగు కోళ్లలో ఒకటి తగ్గితే మంచం మూడింటి మీద కూడా సరిగ్గా నిలవదు, ఐమూలగా ఉన్న రెండింటి మీద ఊగుతుంది. డంపర్‌లోనూ అంతే. ముందు ఎడమ స్ట్రట్టు దిగిపోతే, ముందు కుడి, వెనక ఎడమ స్ట్రట్లు అదనపు బరువు నెత్తినేసుకుంటాయి. చాసీ మెలితిరుగుతుంది. ఆ మెలిక ట్రిప్పు ట్రిప్పుకూ తిరిగి తిరిగి పడుతుంటే వెల్డింగు అతుకుల దగ్గర, స్ట్రట్టు బిగించిన దిమ్మెల దగ్గర వెంట్రుక వాసి పగుళ్లు పుడతాయి. పగులు కనిపించినచోట వెల్డింగు చేసి బండిని పంపేయడం తేలిక. పగులు పుట్టించిన స్ట్రట్టును సరిచేయకపోతే అతుకు పక్కనే ఇంకో పగులు వస్తుంది.

కాబట్టి తనిఖీ చూపుతో మొదలవ్వాలి. షిఫ్టు మొదట్లో బండి చుట్టూ ఒకసారి తిరిగే అలవాటు డంపర్ ఆపరేటర్లకు ఉంది. ఆ తిరుగుడులో సమతలం మీద నిలిపిన ఖాళీ బండిని ఎదురుగా నిలబడి చూస్తే కుడి ఎడమల తేడా కంటికే అందుతుంది. తర్వాత రాడ్డును చూడాలి. పని చేసిన బండి రాడ్డు మీద దుమ్ము ఒక కథ రాసి ఉంచుతుంది. రాడ్డు జారినంత మేరా మెరుస్తూ ఉంటుంది, జారని మేర దుమ్ము పట్టి ఉంటుంది. మెరిసే పట్టీ మరీ చిన్నదైతే స్ట్రట్టు బిగుసుకుపోయిందని అర్థం. రాడ్డు అడుగుదాకా మెరుస్తుంటే అది తన దూరమంతా అయిపోయి ఉక్కుకు ఉక్కు తగిలేదాకా పోతోందని అర్థం. రెంటికీ మధ్యలో ఆగితే ఆరోగ్యం. దుమ్ము తడిసి నల్లని బంకలా రాడ్డు చుట్టూ పేరుకుంటే సీలు కారుతోంది. ఏ గేజీ లేకుండా, రెండు నిమిషాల్లో, ఇంత సమాచారం ఇచ్చే భాగం డంపర్‌లో మరొకటి లేదు.

చూపు తర్వాత కొలత. గొట్టం అంచు నుంచి రాడ్డు ఎంత బయటికి ఉందో మిల్లీమీటర్లలో కొలవాలి. ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి. రెండో కొలతను చాలాచోట్ల వదిలేస్తారు. దాన్ని వదిలేస్తే మొదటి కొలత మోసం చేస్తుంది. ఎందుకో విడమరిచి చెప్పుకోవలసిన సంగతి ఇది.

స్ట్రట్టులో నూనె తగ్గిందనుకుందాం. నూనె ఖాళీ చేసిన జాగాను నైట్రోజన్‌తో నింపితే ఖాళీ బండి ఎత్తు సరిగ్గానే వస్తుంది. గేజీలో ఒత్తిడి కూడా సరిగ్గానే కనిపిస్తుంది. ఖాళీ బండి బరువు మారలేదు, ఆ బరువును మోయడానికి కావలసిన ఒత్తిడీ మారలేదు. కానీ ఇప్పుడు లోపల ఉండాల్సిన దానికన్నా వాయువు ఎక్కువ, నూనె తక్కువ. మూడు రెట్ల బరువు పడగానే వాయువు మూడో వంతుకు నలుగుతుంది. నలగడానికి ఎక్కువ వాయువు ఉంది కాబట్టి రాడ్డు ఎక్కువ దూరం లోపలికి పోతుంది, అడుగు తాకుతుంది. నూనె ఎక్కువైతే దీనికి తిరగబడుతుంది: వాయువుకు జాగా చాలదు, రాడ్డు కదలదు, బండి బండరాయిలా నడుస్తుంది. అంటే ఖాళీ ఎత్తు సరిగ్గా ఉండి నిండు ఎత్తు తగ్గితే నూనె తక్కువని, నిండు ఎత్తు పెరిగితే నూనె ఎక్కువని తెలుస్తుంది. దిగిన మూలకు వాల్వు దగ్గర సిలిండర్ తగిలించి గ్యాస్ కొట్టి పంపేయడం వర్క్‌షాపుల్లో అందరికీ తెలిసిన దగ్గరి దారి. నూనె చూడకుండా కొట్టిన గ్యాస్ జబ్బును కప్పిపెడుతుంది. బండి నిటారుగా నిలబడి బయటికి పోతుంది, మొదటి నిండు ట్రిప్పులోనే మళ్లీ చాసీని కొడుతుంది.

సరైన పద్ధతి నిదానమైనది. బండిని గట్టి సమతలం మీద, ఖాళీగా, స్టీరింగ్ తిన్నగా ఉంచి నిలపాలి. ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మెలు పెట్టాలి. ముందు రెండు స్ట్రట్లనూ ఒక జతగా, వెనక రెంటినీ మరో జతగా సరిచేయాలి. ఒక్కదాన్నే ముట్టుకుంటే మంచం కోడు లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వాల్వును కొద్దికొద్దిగా తెరిచి నైట్రోజన్‌ను వదలాలి. బండి మెల్లగా దిగుతుంది. నూనె మట్టం చూసే ఎత్తును తయారీదారు పుస్తకం చెబుతుంది. ఆ ఎత్తుకు సరిపోయే ఉక్కు దిమ్మెను మధ్యలో పెట్టి బండిని దాని మీద నిలుపుతారు. అప్పుడు నూనె ఎక్కిస్తూ, పై రంధ్రంలోంచి గాలి బుడగలు లేకుండా స్వచ్ఛమైన నూనె పొర్లేదాకా నింపుతారు. ఇది తొందర పనికిరాని ఘట్టం. నూనెలో చిక్కిన గాలి తర్వాత నురగగా మారి పగ్గాన్ని సడలిస్తుంది. పొర్లడం ఆగి, నూనె నిశ్చలమయ్యాక మూత బిగించి నైట్రోజన్ ఎక్కించాలి. దిమ్మెలు తీయడానికి వీలయ్యేంత ఎత్తుకు లేపి, వాటిని తీశాక, చెప్పిన ఎత్తు వచ్చేలా కొద్దికొద్దిగా గ్యాస్ వదలాలి.

అంతటితో పని అయిపోయినట్టు కాదు. సీళ్ల రాపిడి వల్ల నిలబడి ఉన్న రాడ్డు తన అసలు చోట ఉండదు. బండిని కొంతదూరం నడిపి, మెల్లగా బ్రేకు వేసి ఆపి, మళ్లీ కొలవాలి. ఇలా రెండుమూడుసార్లు చేస్తే కొలత కుదురుకుంటుంది. చివరగా ఒక నిండు ట్రిప్పు, ఒక నిండు కొలత. నాలుగు స్ట్రట్ల ఖాళీ, నిండు ఎత్తులు, ఆ రోజు తేదీ, బండి నడిచిన గంటలు, గాలి వేడి, ఇవన్నీ రిజిస్టరులో ఎక్కాలి. వారం వారం ఒకే మూల పది మిల్లీమీటర్లు తగ్గుతోందంటే సీలు వయసైపోయిందని రిజిస్టరే ముందు చెబుతుంది. అప్పుడు బండిని తీరిక సమయంలో షెడ్డుకు పిలవచ్చు. బేస్ వర్క్‌షాపులో స్ట్రట్టును విప్పినప్పుడు క్రోమ్ పూత మీద గోరుకు తగిలే గీత ఉన్నా కొత్త సీలు నిలవదు. గీతను వదిలేసి సీలు మాత్రం మార్చడం వల్ల పని రెండుసార్లు అవుతుంది.

వేడి సంగతి విడిగా చూడాలి, ఎందుకంటే గోదావరి లోయ ఎండలు తయారీదారు పుస్తకం రాసిన చల్లని దేశం ఎండలు కావు. రామగుండం, కొత్తగూడెంలలో మే నెలలో 45 డిగ్రీలు మామూలు. ఓసీ గని గుంత అడుగున రాయి కూడా వేడి కక్కుతుంది. తెల్లవారుజామున 27 డిగ్రీల వద్ద నింపిన స్ట్రట్టు మధ్యాహ్నం ఎండా, పని చేసిన రాపిడీ కలిసి 57 డిగ్రీలకు చేరిందనుకుంటే, అందులోని వాయువు పది శాతం ఉబ్బుతుంది. పైన బరువు మారలేదు కాబట్టి ఒత్తిడి మారదు, రాడ్డే బయటికి వస్తుంది. వాయువు నిలువు 200 మిల్లీమీటర్లు ఉంటే 20 మిల్లీమీటర్ల తేడా. ఇది చెడు కాదు, ప్రకృతి. మధ్యాహ్నం ఎత్తు ఎక్కువగా ఉందని గ్యాస్ వదిలేస్తే రాత్రి షిఫ్టులో బండి దిగిపోతుంది. పని నుంచి వచ్చిన బండిని చల్లారనిచ్చి కొలవడం, రోజూ ఒకే వేళకు కొలవడం దీనికి విరుగుడు.

నైట్రోజనే ఎందుకు, గాలి ఎందుకు కాదు అని కొత్త ఫిట్టర్లు అడుగుతారు. గాలిలో 78 శాతం నైట్రోజనే. మిగిలినదానిలో ప్రాణవాయువు ఉంది, తేమ ఉంది. తేమ ఉక్కును తుప్పు పట్టిస్తుంది. అది నెమ్మదైన నష్టం. ప్రాణవాయువు నష్టం నెమ్మదైనది కాదు. నూనె ఆవిరి, ప్రాణవాయువు కలిసి ఒక్కసారి ఒత్తుకుంటే వేడెక్కి మండుతాయి. డీజిల్ ఇంజను నడిచేది సరిగ్గా ఈ సూత్రం మీదే. స్ట్రట్టులో అది జరిగితే పేలుడు. షెడ్డులో నైట్రోజన్, ఆక్సిజన్ సిలిండర్లు పక్కపక్కన ఉంటాయి కాబట్టి ఈ పొరపాటుకు చోటు ఉంది. భారతీయ ప్రమాణాల ప్రకారం నైట్రోజన్ సిలిండర్ ఒళ్లు బూడిద రంగు, మెడ నలుపు. ఆక్సిజన్ ఒళ్లు నలుపు. నలుపు రెంటిలోనూ ఉంది, చోటు మాత్రం వేరు. రాత్రి షిఫ్టు వెలుతురులో నలుపు చూసి చేయి చాచకుండా, మెడా ఒళ్లూ రెండూ చూసి, పేరు చదివి, నైట్రోజన్‌కు తగిన రెగ్యులేటరే తగిలించాలి. ప్రాణాలకు సంబంధించిన ఈ ఒక్క సంగతిని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

మిగతా జాగ్రత్తలూ తేలికైనవి కావు. కారు టైరులో గాలి 30, 35 పీఎస్ఐ ఉంటుంది. డంపర్ స్ట్రట్టులో వందల్లో మొదలై, నిండు బండి గుంతలో పడ్డప్పుడు వేలల్లోకి పోతుంది. గ్యాస్ వదలకుండా వాల్వు బుడిపెను విప్పితే అది తూటాలా దూసుకొస్తుంది. మనిషి పక్కకు నిలబడాలి, వాల్వుకు ఎదురుగా కాదు. గ్యాస్ వదిలేటప్పుడు బండి అడుగు కిందికి రావచ్చు. ఆ వేళ టైరుకూ ఫెండరుకూ మధ్య, చాసీకీ యాక్సిల్‌కూ మధ్య చేయి కూడా ఉండకూడదు. గ్యాస్ ఉన్న స్ట్రట్టు దగ్గర వెల్డింగు చేయకూడదు, కట్టింగు మంట చూపకూడదు. తొట్టి పైకి లేపి పని చేస్తుంటే దాన్ని ఆపే పిన్ను వేసి తీరాలి. మూసిన గదిలో నైట్రోజన్ వదిలితే అది రంగూ వాసనా లేకుండా ఊపిరాడనివ్వదు, కాబట్టి తలుపులు తెరిచి ఉంచాలి.

స్ట్రట్టు ఆయుష్షును స్ట్రట్టు కన్నా ఎక్కువగా నిర్ణయించేవి దారి, లోడింగు. గనుల నిబంధనలు హాల్ రోడ్డు వాలు సాధారణంగా 16 అడుగుల దూరానికి ఒక అడుగు మించకూడదంటాయి. ఆ నిబంధన బ్రేకుల కోసమే అనుకుంటారు గానీ, వాలు పెరిగేకొద్దీ ఎక్కే బండి బరువు వెనక స్ట్రట్ల మీదకు జారుతుంది కూడా. గ్రేడరు రోజూ తిరగని రోడ్డు మీద అలల్లాంటి గట్లు లేస్తాయి. తొట్టిలోంచి జారిపడ్డ రాయిని పక్కకు తీయకపోతే వెనకొచ్చే ప్రతి బండీ దానిమీదనుంచే పోతుంది. వానాకాలంలో గుంతలో నిలిచిన నీళ్లు లోతును దాస్తాయి. అదే వానాకాలంలో రాడ్డు మీద అంటిన బురద ఎండి గరుకు కాగితంలా సీలును కోస్తుంది. బండి కడిగేటప్పుడు రాడ్లను శుభ్రంగా తుడవడం అందంకోసం కాదు.

లోడింగులో షావెల్ ఆపరేటరు చేయి మంచిదైతే సగం జబ్బులు రావు. మొదటి బకెట్ మెత్తటి మట్టితో వేస్తే తర్వాత పడే బండరాళ్లకు పరుపు అవుతుంది. బరువు తొట్టి మధ్యలో పడాలి. ఒక పక్కకు పోసిన బరువు ఆ పక్క స్ట్రట్టును మాత్రమే అరగదీస్తుంది. బరువు ఎంతవరకు అన్నదానికి గనుల్లో పేరుపడ్డ ఒక సూత్రం ఉంది. నూరు ట్రిప్పుల్లో పదికి మించి నిర్ణీత బరువు కన్నా పది శాతం పైకి పోకూడదు. ఏ ఒక్కటీ ఇరవై శాతం దాటకూడదు. 95 టన్నుల బండికి అది 114 టన్నుల గీత. కొత్త డంపర్లలో బరువు లెక్కించే యంత్రం స్ట్రట్లలోని ఒత్తిడినే చదివి టన్నులు చెబుతుంది. స్ట్రట్టు అడుగు తాకి కూర్చుంటే బరువును మోసేది వాయువు కాదు, ఉక్కు. అప్పుడు యంత్రం అబద్ధం చెబుతుంది. టన్నుల లెక్కలో తేడా వస్తే ముందు స్ట్రట్లను చూడమని అనుభవజ్ఞులు అనడానికి కారణం ఇదే.

ఇంతా చేసి ఈ దెబ్బలు చివరకు చేరేది ఆపరేటరు వెన్నుకు. కూర్చున్న మనిషి నడుము సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు ఊగే కదలికకు ఎక్కువగా స్పందిస్తుంది. భారీ బండ్ల ఊగుడు ఈ పరిధిని తాకుతుంది. ఐరోపా దేశాలు 2002లో చేసిన చట్టం ఎనిమిది గంటల పనికి ఒళ్లంతా కదిలే కంపనానికి సెకను వర్గానికి 1.15 మీటర్ల పరిమితి పెట్టింది. 0.5 దాటగానే తగ్గించే చర్యలు మొదలుపెట్టాలంది. ఎనిమిది గంటల షిఫ్టు, ఇరవై ముప్పై ఏళ్ల ఉద్యోగం. నడుం నొప్పి ఈ పనిలో తప్పదనే మాటను ఒప్పుకోవడానికి వీల్లేదు. దిగిపోయిన స్ట్రట్టును ఆపరేటరు రాసిన రోజే సరిచేస్తే ఆ నొప్పిలో పెద్ద భాగం తప్పుతుంది. రాసినందుకు అతణ్ణి బండి నడపడం రాదనే షెడ్డు ఉంటే, రెండోసారి అతను రాయడు.

ఇక పెద్ద అంబర్‌పేట్ దారిన పోయే టిప్పర్లు. వీటికి స్ట్రట్లు లేకపోయినా జబ్బుల జాబితా చుట్టరికమే. వెనక రెండు యాక్సిళ్లనూ కలిపి మోసే కమాన్ కట్ట మధ్యలో ఒక ఇరుసు మీద తూగుతుంది. ఒక చక్రం రాయెక్కితే రెండోది దిగి బరువు పంచుకుంటుంది. పట్టీలు విరగడం చివరి ఘట్టం. అంతకు ముందే పట్టీల మధ్య తుప్పు ఎర్రగా కారుతుంది, సెంటర్ బోల్టు తెగి పట్టీలు పక్కకు జరుగుతాయి, టార్క్ రాడ్ బుష్షులు నలిగి బ్రేకు వేసినప్పుడల్లా టక్కుమంటుంది. ఒక యాక్సిల్ వంకరగా లాగుతుంటే రోడ్డు మీద వెనక నుంచి చూసినా బండి పీతలా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అలా నడిచే బండి టైర్లు నెలల్లో అయిపోతాయి.

పట్టీలు దిగాయని అదనపు పట్టీ వేయించడం ఈ దారిలో పాత అలవాటు. 2018లో కేంద్ర ప్రభుత్వం బరువు పరిమితులు సవరించాక మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. అంతకు మించి మోయడానికి వేసే అదనపు పట్టీ కమాన్‌ను విరగనివ్వదు నిజమే, కానీ విరగని కమాన్ మీంచి దెబ్బ చాసీకి, హౌసింగుకు పోతుంది. పట్టీ మారిస్తే తక్కువలో పోయే ఖర్చు చాసీ పగిలితే పోదు.

హయత్‌నగర్ పక్కనున్న ఆటోనగర్‌లో కమాన్ పని చేసే మేస్త్రీలకు ఈ సంగతులన్నీ చేతివేళ్ల మీద ఉంటాయి. విరిగిన ఒక్క పట్టీని మార్చమని వచ్చిన బండికి కట్ట మొత్తం విప్పి, ప్రతి పట్టీ వంపునూ పాతదానితో పోల్చి, అరిగిన బుష్షులూ షాకిల్ పిన్నులూ మార్చి, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాసి కట్టడం మంచి మేస్త్రీ పని. ఎడమ కట్ట మారిస్తే కుడి కట్ట ఎత్తు కూడా కొలుస్తాడు. యూ బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి అడ్డంగా మార్చి మార్చి బిగిస్తాడు. కొత్తగా కట్టిన పట్టీలు మొదటి లోడు కింద ఒకదానిమీద ఒకటి సర్దుకుంటాయి, బోల్టులు వదులవుతాయి. అందుకే మొదటి నిండు ట్రిప్పు దించాక బండి మళ్లీ అదే షాపు ముందు ఆగాలి. అప్పుడు పెట్టే రెండో బిగింపుతోనే కమాన్ పని పూర్తవుతుంది.